సీతారావమ్మగారి బకెట్టూ నేనూ

నేను ఒక చిన్న పంపును. బావిలో నీళ్లు తోడే జాతి కాదు. ఇంటి పైపుల్లో వేడినీళ్లు తిప్పే జాతి. కోయంబత్తూరులో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. పుట్టిన పూటే కరెంటు పెట్టి, తిరుగుతానో లేదో చూసి, అట్టపెట్టెలో పడేశారు. మనుషుల పిల్లలకు ఆ పరీక్ష కొంచెం ఆలస్యంగా పెడతారు.

నా పని చెప్పుకోవడానికి ఏమీ లేదు. డాబా మీద సోలారు డ్రమ్ము ఉంటుంది, స్నానాల గది ఎక్కడో కింద ఉంటుంది. మధ్య పైపులో నిలిచిన నీళ్లు చల్లారిపోతాయి. వాటిని వెనక్కి డ్రమ్ములోకి తోసి, వేడివాటిని కుళాయి దాకా తెచ్చిపెడతాను. ఎప్పుడు తిరగాలో, ఎప్పుడు ఆగాలో పక్కనున్న టైమరు చెబుతుంది. నన్ను మొదట కొన్న లాడ్జి ఓనరు ఆ టైమరు దండగన్నాడు. రాత్రీ పగలూ తిప్పాడు. తిరిగిన దారంతా నీళ్లు వేడి పోగొట్టుకుని, తెల్లారేసరికి డ్రమ్మే చల్లబడింది. పంపు మంచిది కాదని ప్లంబరు మస్తాన్‌కు ఇచ్చేశాడు. తిప్పింది ఆయన, చెడ్డది నేను.

మస్తాన్ నన్ను గుంటూరులో లెక్చరరు భుజంగరావుగారింట్లో, స్నానాల గది బయట సింకు కింద బిగించాడు. ఆయన నన్ను తెచ్చింది తల్లి సీతారావమ్మగారి కోసం. "ఇక తిప్పగానే వేడినీళ్లేనమ్మా, కాచుకు కూర్చునే పని లేదు" అన్నాడు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా తిరగమని టైమరు పెట్టించాడు. ఆవిడనెవరూ అడగలేదు.

ఆవిడ పద్ధతి వేరు. వేడినీళ్ల కుళాయి ఒక్కటే తిప్పేది. ముందు పైపులో చల్లారిన నీళ్లు సగం బకెట్టు వచ్చేవి, ఆ పైన వేడివి. నిండేసరికి సరిగ్గా గోరువెచ్చన. ఏళ్ల తరబడి చెయ్యి పెట్టి చూసిన పాపాన పోలేదు. నేనొచ్చిన మర్నాడూ అలాగే నింపింది. పైపులో చల్లారిన నీళ్లను నేను అప్పటికే వెనక్కి తోసేశాను, బకెట్టంతా వేడివే. ఆచారం ప్రకారం మొదటి చెంబు కాళ్ల మీద పోసుకుంది. షుగరు కాళ్లు, కాలినా తెలియలేదు. ఆవిరి కనపడలేదా అంటే, కళ్లజోడు పెట్టుకుని ఎవరు స్నానం చేస్తారు? రెండో చెంబు ముంచుతుంటే వేళ్లకు చురుక్కుమంది. అప్పటికే పాదం బొబ్బలెక్కింది.

"ఇక నువ్వొక్కదానివే పోసుకోవడానికి వీల్లేదు" అని కొడుకు స్నానాల గది గడియ ఊడదీశాడు. కోడలు ఇందుమతి తను పోస్తానంది.

"నేనేమన్నా పరాయిదాన్నా అత్తయ్యా?"

"కాదనేగా వద్దంటున్నా. పరాయిదైతే పోసి పోద్ది. నువ్వు రోజూ నా మొహం చూడాలిగా."

గడియ లేని గదిలో స్నానం చేయనని భీష్మించింది. తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకుంటూ కూర్చుంది. పాదం మానినా పట్టు విడవలేదు.

నేరం నా మీద పడింది. విప్పుకుపొమ్మని మస్తాన్‌ను పిలిచారు. అతను పానా తీస్తుంటే ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"అబ్బాయ్, నేను పోసుకునే వేళకు దీన్ని నోరు మూసుకోమనలేవా?"

"ఎందుకనలేను పెద్దమ్మా! సారు కాలేజీకి పోయాక ఆగేట్టు టైమరు పెడతా. పైపు చల్లారిందాకా ఓపిక పట్టు. ఎప్పట్లాగే ముందు చన్నీళ్లొస్తయ్."

"విన్నావుగా" అంది కొడుకుతో. "దాని బుర్ర దానికుంది. మనమే వాడలా."

"మోచెయ్యి ముంచి చూసుకుంటానంటేనే గడియ."

"చూస్తాలేరా. ముందు గడియ పెట్టు, బేరాలు తర్వాత."

మర్నాడు భుజంగరావు సెలవు పెట్టి, తల్లి స్నానం వేళకు తనే కుళాయి తిప్పాడు. సగం దాకా చన్నీళ్లు, ఆ పైన వేడివి. మోచెయ్యి ముంచి కాసేపు అలాగే ఉంచాడు. వెళ్లి స్క్రూడ్రైవరు తెచ్చి గడియ బిగించాడు.

ఆవిడ లోపలికి వెళ్లి తలుపేసుకుంది. గడియ పడింది. నేను ఉలకలేదు, పలకలేదు. చాలాసేపటికి తడిజుట్టు తుడుచుకుంటూ బయటికొచ్చి, సింకు కిందున్న నన్ను చూసి, "పర్లేదే, బుద్ధిగానే పడుంది" అంది.

పొద్దున్నే నేను తెచ్చిన నీళ్లు పోసుకుని వెళ్లేవాళ్లెవరూ నా వంక చూడరు. నా బతుకులో దక్కిన మెప్పు ఆవిడ మాటొక్కటే. ఆ పూట నేను చేసిందేమీ లేదు.