కలెండ్స్ పుల్ల

భోజన్న తుడుపుకర్రను గోడకు ఆనించి, చరిత్ర తరగతి పలకలో చివరి కన్నంలో ఉన్న పుల్లను పీకి మొదటి కన్నంలో గుచ్చాడు. విరిగిన చీపురుకర్రతో ఆ పుల్ల చెక్కింది అతనే. రోజూ పిల్లలు రాకముందే దాన్ని ఒక కన్నం జరపాలని మహీధర్ సార్ ఆజ్ఞ. అబుదాబి బడిలో ఊడ్చేవాడికి ఇదొక అదనపు సేవ. జీతం మాత్రం పాతదే.

పలక మీద ఉన్నది పాత రోమన్ల నెల. వాళ్లు తారీఖులకు ఒకటి, రెండు అని అంకెలు వేసుకోలేదట. నెల మొదటి రోజు కలెండ్స్, కొన్నాళ్లకు నోన్స్, నెల నడుమ ఐడ్స్. మిగతా రోజులకు సొంత పేరన్నది లేదు. రాబోయే గుర్తుకు ఇన్నాళ్ల ముందు అనడమే.

సార్ ఇది చెప్పిన రోజు భోజన్న ఒక్క మాట అడిగాడు.

"మాకాడ అమాస పోయినంక పాడ్యమి, విదియ అని లెక్కవెడ్తం సార్. గీళ్లు రానిదానికే లెక్కవెడ్తరా?"

సార్ నవ్వాడు. భోజన్నకు మాత్రం ఆ పద్ధతి తెగ నచ్చింది. కరోనా వచ్చిన ఏడు నుంచి అతని బతుకూ అంతే మరి. అన్నీ సెలవుకు ముందు రోజులే.

ఆ సెలవు ఈ కలెండ్స్‌కే వచ్చింది. రాత్రికి విమానం. జగిత్యాల దగ్గర ఊళ్లో భార్య గౌరవ్వకు చూపు మసకబారుతోంది. కళ్లున్నప్పుడే ఒక్కసారి కనబడిపొమ్మని ఫోనులో ఏడ్చింది. మసకలోనైనా ఆనుతుందని భోజన్న ఎర్రచొక్కా కొని, స్టోర్‌రూములో మేకుకు తగిలించుకున్నాడు.

పదింటికి సూపర్‌వైజర్ నూర్ మొహమ్మద్ వచ్చాడు. నీ బదులు మనిషి దొరకలేదు, ఛుట్టీ ఖలాస్, వచ్చే నెల చూద్దామన్నాడు.

"ఆమె కండ్లు ఆగయి సాబ్," అన్నాడు భోజన్న.

నూర్ మొహమ్మద్ అప్పటికే ఫోనులో ఎవరినో తిడుతున్నాడు.

భోజన్న వరండాలు తుడిచాడు. మరుగుదొడ్లు కడిగాడు. ఆఖరి గంట కొట్టాక స్టోర్‌రూములో చొక్కా కింద చతికిలబడ్డాడు. మళ్లీ లేవలేదు. గుండె ఆగిందన్నారు.

దొరకలేదన్న మనిషి మర్నాడు పొద్దున్నే దొరికాడు. పుల్ల జరగలేదేమని మహీధర్ సార్ విసుక్కుని, ఆ కొత్త మనిషికి పని నేర్పాడు.

కాగితాలన్నీ తెమిలి పెట్టె ఊరు చేరేసరికి ఇంకో కలెండ్స్ దాటింది. తెరవొద్దన్నారు. గౌరవ్వ ఆ చెక్కను ఆ కొస నుంచి ఈ కొస దాకా చేతులతో తడిమింది.

ఇక్కడ కొత్త మనిషి పుల్ల జరిపి, రోజూ ఒక గుడ్డతో పలక తుడుస్తున్నాడు. స్టోర్‌రూములో మేకుకు దొరికిన ఎర్రగుడ్డ అది, కాలరుకు కొట్టువాడి చీటీ ఇంకా వేలాడుతోంది.