మెడక్క చేసిన బామ్మ

బామ్మ తల మళ్ళీ ఊడింది. కంప్యూటరు తెరమీద బొమ్మ తల ఒక దారి, మొండెం ఒక దారి. "అయ్యో నా తల్లీ" అనుకుంటూ మెడక్క, తల కదలడానికి బొమ్మ గడ్డం కింద గుచ్చిన పిన్నును మౌసుతో తీసి మెడ మొదట్లో గుచ్చింది. తలను కాస్త మెడలోకి దింపి, కెమెరా ముందు తన తల ఊపింది. తెరమీద బామ్మ కూడా ఊపింది. ఈసారి తల నిలిచింది.

ఎవరో గీసిన బొమ్మలకు తల కదలిక అమర్చడం ఆమె పని. పిల్లల కార్యక్రమాల్లో తలాడించే ఎలుగుబంట్లు, పోలీసులు, మాట్లాడే వంకాయలు, అన్నిటి మెడలూ ఆమె చలవే. అందుకే ఆఫీసులో అందరికీ మెడక్క. పాపం, ఆమె మెడ మాత్రం ఎప్పుడూ ఒక పక్కకి వాలి ఉంటుంది.

దానికి కారణం ఇంట్లో ఉన్నాడు. ఆమె భర్త ఒకప్పుడు కూరగాయల మార్కెట్లో వేలం పాడేవాడు. నోరు విప్పితే పక్కవీధి కుక్కలు లేచి కూర్చునేవి. గొంతుకు ఆపరేషనయ్యాక గాలి తప్ప ఏమీ మిగల్లేదు. "ఏంటీ? గట్టిగా చెప్పండి" అనిపించుకోవడం ఇష్టంలేక ఆయన లోకంతో మాట్లాడటమే మానేశాడు. ఆమె ఒక్కతే చెవి దగ్గరగా చేర్చి వినేది. ఏళ్ళ తరబడి వినీ వినీ మెడ అలాగే కుదురుకుంది.

మధ్యాహ్నం ఆయనకు ఫోన్ చేసింది. "ఒకసారి ఆఫీసుకి రాకూడదూ? మావాళ్ళతో రెండు మాటలు మాట్లాడండి. నేను లేని రోజున మీ మాట ఎవరు వింటారు?"

"నువ్వున్నావుగా," అంది గాలి.

ఆమెకు ఉన్న దిగులల్లా అదొక్కటే.

సాయంత్రం డైరెక్టరు వచ్చి కెమెరా ముందు కూర్చున్నాడు. బామ్మ తల పక్కకి వాల్చింది.

"ఇదేంటక్కా, నేను తిన్నగానే కూర్చున్నాగా?"

ఆమె కూర్చుంటే బామ్మ నిటారుగా నిలబడింది. అతను కూర్చుంటే మళ్ళీ వాలింది. అప్పుడు తెలిసింది. "ఇదే నిటారు" అని కంప్యూటరుకు చూపించేటప్పుడు ఆమె తన ముఖాన్నే చూపించింది. తన వంకరే దానికి నిటారు. ఇక తిన్నగా కూర్చున్న వాళ్ళందరి ముందూ అది తల వాలుస్తుంది. ఆమె గబగబా మౌసు అందుకుంది.

"ఇప్పుడే మార్చేస్తాను సార్."

"ఉండనీ అక్కా. నా మాట వింటున్నట్టుంది."

ఆమె నవ్వి, సంచీ తగిలించుకుని బయల్దేరింది. బస్సులో కిటికీకి తల ఆనించి కూర్చుంది. చివరి స్టాపులో ఇక లేవలేదు. నిద్రపోతోందనుకున్నారు.

కొన్నాళ్ళకు ఆమె సామాను తీసుకెళ్ళడానికి భర్త వచ్చాడు. డైరెక్టరు ఆయన్ని ఆమె కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె చివరి పని చూపిద్దామని కంప్యూటరు తెరిచి, మంచినీళ్ళకు వెళ్ళాడు.

తెరమీద బామ్మ తల వాల్చింది. ఆ వాలు ఆయనకు తెలుసు. కుర్చీ తెరకు దగ్గరగా జరుపుకున్నాడు.

"బీరువా తాళాలు ఎక్కడ పెట్టావే?" అన్నాడు.

తర్వాత ఇంకేవో చెబుతూనే ఉన్నాడు. గ్లాసుతో తిరిగొచ్చిన డైరెక్టరుకు పెదవులు కదలడమే కనబడింది. అతను పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, చెవి దగ్గరగా చేర్చాడు. ఆయన ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలుపెట్టాడు.

చీకటి పడబోతుండగా ఇద్దరూ మాట్లాడుకుంటూనే బయటికి నడిచారు. ఎదురుగా ముఖం లేకపోతే చివరి కదలికలోనే ఆగిపోయేలా మెడక్క అమర్చిన బామ్మ, ఖాళీ కుర్చీవైపు తల వాల్చుకునే ఉంది.