లాలయ్య గొంతు

కొయ్య సుత్తి దెబ్బకు లాలయ్య దూదేకే విల్లు మీది నరం మోగుతోంది. గడ్డకట్టిన దూది విడిపోయి లేస్తోంది. మిషన్ దవాఖాన వెనక వరండాలో పొద్దున్నుంచీ రోగుల పరుపుల దూది ఏకుతున్నాడు. ఆపితే చెవి గేటు వైపే పోతోంది. అందుకే ఆపడం లేదు.

"నమాజు రాని దూదేకులోడివి, నువ్వేం సాయిబువు?" అని మొన్నటిదాకా రజాకార్లు తన్నారు. నిజాం రాజ్యంలోకి యూనియన్ సైన్యం వచ్చాక, సాయిబులను వెతుకుతూ కర్రలతో బాటల మీద తిరిగేవాళ్ళు అతన్నీ సాయిబుల్లోనే కలిపేశారు. పొద్దున దవాఖాన ఆయా సుక్కమ్మ, హిందువనుకుంటారని, అతని నుదుట బొట్టు పెట్టింది.

ఆమె మొగుడు, కాపలాదారు యోహాను వచ్చాడు. "పీరీలకు మొక్కితివి, ఎల్లమ్మకు మొక్కితివి, మా ఏసును గూడ ఇడువకపోతివి. ఒక్కరన్న అడ్డమొస్తరు తియ్యి, లాలన్నా. పొద్దుగూకినంక దవాఖాన మోటర్ల కృష్ణ దాటిస్త. అప్పటిదాంక నోరు మెదపకు."

లోపల డాక్టరు దొరసాని గ్రామఫోను పెట్టింది. వాద్యం లేదు, ఒక మగ గొంతు. ఒకే అక్షరాన్ని పట్టుకుని పైకి లాగి, విరిచి, మెల్లగా కిందికి దించుతోంది. సుత్తి ఆగిపోయింది.

"ఏ ఊరి సాయిబు, దొరసానీ?"

ఆమె కిటికీలోకి వచ్చింది. "సాయిబు కాదు. మా అమెరికాలో నల్లవాడు, చేలల్లో కూలి. వీళ్ళ తాతలను ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చి అమ్మారు. వాళ్ళలో నమాజు చదివేవాళ్ళూ ఉండేవారట. మాటలు పోయినా రాగం మిగిలిందేమో, ఎవరికి తెలుసు!" అని వార్డులోకి వెళ్ళిపోయింది.

జొన్నచేను గట్టున నిలబడి తాత ఇలాంటి రాగంలోనే నమాజుకు పిలుస్తూ అజా ఇవ్వడం లాలయ్యకు గుర్తొచ్చింది. ఆ పిలుపుకు ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. అందులో ఒక్క మాటా తను నేర్చుకోలేదు. తాతతోనే అది పోయిందనుకున్నాడు.

కర్రలతో ఇద్దరు లోపలికి వచ్చారు. ఈ ఊరివాళ్ళు కారు.

"ఎవడ్రా వీడు?"

"లాలయ్య. మా మనిషే," అన్నాడు యోహాను.

పెద్దవాడు బొట్టు చూశాడు. వెనుదిరిగాడు. లాలయ్య గుండెలోంచి భయం ఒక్కసారిగా జారిపోయింది. మళ్ళీ సుత్తి లేచింది. దుమ్ముకు కట్టుకున్న మూతిగుడ్డ చాటున, అతనికే తెలియకుండా గొంతు ఆ రాగం అందుకుంది. మాటల్లేవు, సాగదీసిన ఒక్క అక్షరం.

పెద్దవాడు ఆగాడు. "మసీదు కూత లెక్కున్నదేందిరా?"

"గ్రామఫోను పెట్టెల పాటయ్యా అది! అమెరికాది!" యోహాను అడ్డం వచ్చాడు.

"గట్లనా? మన పాట ఏదన్న పాడుమను." మూతిగుడ్డ లాగేశాడు.

నాట్ల పాటలు, బతుకమ్మ పాటలు ఎన్నో వచ్చు లాలయ్యకు. నోరు తెరిచాడు. ఆ ఒక్క రాగమే వచ్చింది.

దొరసాని అరుస్తూ పరుగెత్తుకొచ్చేసరికి వాళ్ళు అతన్ని గోడ దాటించి వాగు వైపు నడిపిస్తున్నారు. లాలయ్య వెనక్కి చూడలేదు. చూస్తే యోహాను వెంట రావలసి వస్తుంది.

కాసేపటికి వాగు వైపు ఒక కేక సగంలో తెగింది. అవతల కొంగలు లేచాయి.

వరండాలో, సగం ఏకిన దూది పక్కన మూతిగుడ్డ పడి ఉంది. నోరు ఆనినచోట ఇంకా తడి ఆరలేదు.