తుడిచిన తోట

పత్తికట్టె పీకకుండా ఏ రైతైనా కొత్త విత్తనం వేస్తాడా? అంకమ్మరావూ ఆ లెక్కే వేసుకున్నాడు. భార్య ఆడే ఆటకు కొత్త అప్‌డేట్ ఎక్కించాలని ఇమాం హుస్సేన్ ఫోన్లో చెప్పగానే, పాత ఆటను తుడిచేసి, మిషన్ని తువ్వాల్లో చుట్టుకుని దర్శి బస్సెక్కాడు.

పక్షవాతం వచ్చి అతని భార్య రమణమ్మ కుడిచెయ్యి చచ్చుబడింది. వేళ్ళు కదిలించమని డాక్టరు రబ్బరు బంతి ఇస్తే ఆమె మంచం కిందికి విసిరేసింది. దర్శిలో సెల్‌ఫోన్లు బాగుచేసే హుస్సేన్ ఆ సంగతి విని, చేత్తో పట్టుకుని ఆడే గేముల మిషను ఒకటి ఊరకే ఇచ్చాడు. కంపెనీ తాళం విప్పి, ఆటలు కార్డులో మనమే ఎక్కించుకునేలా తను మార్చిన మిషను. అందులో తోట పెంచే ఆట రమణమ్మకు పట్టుబడింది. ఐదు నెలలకు బొటనవేలు మీట నొక్కసాగింది. ఈ మధ్య మాత్రం ఆటలో వాగు దాటి అవతల చేనులోకి పోబోతే బొమ్మ బిగుసుకుపోతోంది. దానికి మందు అప్‌డేటేనట.

దుకాణంలో హుస్సేన్ మిషను ఆన్ చేశాడు.

"ఆటేది బాబాయ్?"

"తీసేశా. నీకు నేల చదును చేసి తెచ్చా."

"అయ్యో! అప్‌డేట్ పాత ఆట మీదే కూర్చోవాలి. సర్లే, ఆట మళ్ళీ ఎక్కిస్తా. పిన్ని పెంచిన తోట వేరే ఉంటుంది, సేవ్ అని. అదీ తీసేశావా?"

"ఇంగ్లీషులో ఏదో అడిగింది. సరేనన్నా. మళ్ళీ అడిగింది. మళ్ళీ సరేనన్నా."

"పెళ్ళిచూపులా బాబాయ్, అడిగినదానికల్లా తలూపడానికి!"

అంకమ్మరావు నవ్వలేదు. కల్లంలో మిరపకాయ తడిసిన ఏడు కూడా ఇంత దిగులు పడలేదు. తోట పోతే ఆమె మళ్ళీ మిషను ముట్టుకుంటుందా?

హుస్సేన్ కంప్యూటరంతా వెతికాడు.

"ఉంది! పోయిన నెల బ్యాటరీ మార్చినప్పుడు కాపీ తీసిపెట్టా. ఎవరి మిషను ముట్టుకున్నా ముందు ఆ పని చేస్తా."

మేలైన కాయ ఏరి విత్తనానికి దాచుకున్నట్టు. అది అంకమ్మరావుకు చెప్పకుండానే అర్థమైంది.

హుస్సేన్ ముందు ఆట ఎక్కించాడు, దాని మీద అప్‌డేట్, ఆఖర్న దాచిన తోట. "ఈ నెలలో వేసినవి మాత్రం పోయాయి బాబాయ్. పిన్ని తిడుతుంది."

అంకమ్మరావు హుస్సేన్ చేతిని రెండు చేతులతో పట్టుకుని, "చల్లగా ఉండు నాయనా," అన్నాడు.

ఇంటికి రాగానే రమణమ్మ మిషను తెరిచి చూసి అడగనే అడిగింది. "ఏమయ్యా, నా టమాటా మడేది?"

"నేనే పీకేశా." జరిగింది చెప్పాడు.

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "సొంత చేలో కలుపు తియ్యమంటే నడుం నొప్పి! నా తోట పీకడానికి మాత్రం నడుం వంగిందా?"

అంటూనే మీట నొక్కింది. కుడిచేత్తోనే. బొమ్మ వాగు దాటింది. ఆగలేదు. అవతల చేనంతా బీడు. రమణమ్మ బొటనవేలు వణుకుతూ మొదటి గింజ వేసింది, తర్వాత రెండోది.

అంకమ్మరావు లోపలికి వెళ్ళి విత్తనానికి దాచిన మిరపకాయల మూట విప్పాడు. అందులో కాయ అన్నదమ్ములడిగినా ఇచ్చేవాడు కాదు. మంచివి ఏరి రెండు దోసిళ్ళు తువ్వాల్లో కట్టాడు.

"ఎవరికయ్యా?"

"హుస్సేనుకి. పొద్దున బస్సుకి పోయొస్తా."

"ఇంకో దోసెడు పెట్టు," అంది రమణమ్మ, తెర మీంచి చూపు తిప్పకుండా.