మెందెల్‌కు పెట్టిన కొత్త పేరు

షిఫ్రా వారపత్రికకు మన యూదుల యిడ్డిష్ భాషలో రాస్తున్న సీరియల్లో ఈ వారం మెందెల్ చచ్చిపోవాలి. ఆరేళ్ల పిల్లవాడు, ఒళ్లు కాలిపోతున్న జ్వరం. పోయిన శుక్రవారం కథను అక్కడే ఆపింది. మాంట్రియల్‌లో మన ఆడవాళ్లంతా రుమాళ్లు సిద్ధం చేసుకున్నారు.

ఆదివారానికి ఆమె కొడుకు ఫైవిష్‌కు అదే జ్వరం పట్టుకుంది. వాడికీ ఆరేళ్లే.

తన కలమే జ్వరాన్ని ఇంట్లోకి పిలిచిందని షిఫ్రాకు నమ్మకం కుదిరిపోయింది. దిష్టి తగులుతుందని వాడి జ్వరం సంగతి ఎవరికీ చెప్పలేదు. డాక్టరు భయం లేదన్న కొద్దీ భయం పెరిగింది. మర్నాడు పొద్దున్నే ప్రార్థనాలయానికి పోయి కొడుకు పేరు ఆల్తెర్ అని మార్పించింది. అంటే ముసలాయన. పసివాడి కోసం వచ్చిన మృత్యుదూత, ఇక్కడెవరో ముసలాయన ఉన్నాడనుకుని వెనక్కి పోవాలి. కెనడా ఓడ ఎక్కక ముందు, పాత ఊళ్లో షిఫ్రా తమ్ముడికి వాళ్లమ్మ అలాగే చేసింది. తమ్ముడు బతికాడు.

అటునుంచి అటే, మంచులో జారుతూ పత్రికాఫీసుకు పోయింది.

"ఏమ్మా, చంపేశావా?" అన్నాడు సంపాదకుడు కోపెల్, కాగితాల కోసం చెయ్యి చాపుతూ.

"లేదు. బతుకుతాడు."

కథలో డాక్టరు చేతులెత్తేశాక పిల్లవాడు లేచి కూర్చుంటే జనం నవ్వుతారని కోపెల్ తల బాదుకున్నాడు. సీరియల్ ఆపేస్తానన్నాడు.

"ఈ భాగం వేసి ఆపండి. చావే కావాలంటే మీరు రాసి, కింద మీ పేరు వేసుకోండి కోపెల్ గారూ. నా చేత్తో నేను రాయను."

అచ్చులు కూర్చే బల్ల పక్కనే కుర్చీ లాక్కుని రాసింది. కథలో తల్లి కొడుక్కి ఆల్తెర్ అని పేరు పెట్టింది. మధ్యాహ్నానికి మెందెల్ మంచినీళ్లడిగాడు. చివరి కాగితం అందుకున్న అచ్చుకూర్పరి ముక్కు తుడుచుకున్నాడు. అది చూసి కోపెల్, సరే అచ్చెయ్యమని చెయ్యి ఊపాడు.

శుక్రవారం పత్రిక వచ్చిన కాసేపటికే తలుపు చప్పుడైంది. పక్కింటి పెస్యా, శాలువాలో చుట్టిన కోడి చారు గిన్నెతో.

"మెందెల్ లేస్తే ఒట్టి నీళ్లిస్తావా? తల్లివేనా నువ్వు? ఇది పట్టించి, వచ్చే వారం రాయి."

ఆమె వెనక మెట్ల మీద ఇంకో ఇద్దరు, గిన్నెలతోనే.

షిఫ్రా వాళ్లను గుమ్మంలోనే ఆపింది. గిన్నెలందుకుని లోపలికి పోయి, "ఆల్తెర్" అని పిలిచింది. కొత్త పేరుకు వాడు పలకలేదు. చారు వాసనకు మాత్రం కళ్లు విప్పాడు. రెండు చెంచాలు తాగి మూడోదానికి మొహం తిప్పుకున్నాడు. గొంతు పూడుకుపోయిందేమోనని ఆమె వాడి మెడ తడిమి చూసింది.

అయినా చెంచా దించలేదు. వాడు మళ్లీ నోరు తెరిచేదాకా లేచేది లేదని మంచం పక్కనే కూర్చుంది.