హెస్టర్ పెల్లీ ఆడని ఆట

సాల్ట్‌కూమ్ ఊరికి టెన్నిస్ కొత్తగా వచ్చిన రోజుల్లో, ఆడపిల్లలు బంతి వెనక పరుగెత్తడమేమిటని నోళ్ళు నొక్కుకున్న ఆడవాళ్ళే, పాదిరీ పెల్లీ గారి పెద్దమ్మాయి హెస్టర్ ఆడుతుంటే ముందు వరసలో కుర్చీలు వేయించుకునేవారు. నేలమీద జీరాడే గౌను, నడుముకు ఊపిరాడనివ్వని కట్టు, తలమీద గడ్డి టోపీ. ఇన్ని హంగులతో మనిషి నడవడమే గొప్ప. హెస్టర్ వాటితోనే వలదాకా దూసుకొచ్చి, బంతి నేలకు తగలకముందే గాల్లోనే కొట్టేసేది. అప్పటికి మగవాళ్ళకే ఆ విద్య సరిగ్గా పట్టుబడలేదు. ఆ జిల్లా పోటీల్లో ఇచ్చే కౌంటీ కప్పు ఏటా ఆమెకే వచ్చింది.

వచ్చింది అనే అనాలి. గెలుచుకున్నాను అని చెప్పుకోవడానికి హెస్టర్‌కి నోరు వచ్చేది కాదు. కారణం చెల్లెలు డల్సీ. తోబుట్టువులు నలుగురి ఎదుట ఒకరినొకరు ఓడించుకోకూడదన్నది పాదిరీ గారి శాసనం. ఇంటి వెనక పచ్చికలో ఎంతసేపైనా ఆడుకోవచ్చు, పాయింట్లు మాత్రం లెక్కపెట్టకూడదు. పోటీలో ఎదురుపడితే చిన్నది తప్పుకోవాలి. కిందటేడు ఛాంపియన్ అయినవాళ్ళు మొదటి నుంచి ఆడక్కర్లేదు కనుక హెస్టర్ గొడుగు నీడన కూర్చునేది. మిగతావాళ్ళంతా పోరాడి, చివరికి మిగిలినవాళ్ళు ఆమెతో ఒక్క ఆట ఆడాలి. డల్సీ ప్రతి ఆటకీ ఆలస్యంగానే, రెండుసార్లు పేరు పిలిచాక పరుగెత్తుకొచ్చి, అందరినీ చిత్తుచేసి అక్క దాకా వచ్చేది, వచ్చి తప్పుకునేది. "చిన్నది ఆడి ఉంటేనా!" అని టీ బల్లల దగ్గర గుసగుసలు. హెస్టర్‌కి ఆ మాట ముల్లులా గుచ్చుకునేది, ఎందుకంటే తనకూ అదే అనుమానం.

ఆ వేసవిలో డల్సీకి దగ్గు పట్టుకుంది. చలికాలం ఫ్రాన్సులో సముద్రం పక్కన ఉంచమన్నాడు డాక్టరు. ఇక ఆటలు వద్దంటారా అని పాదిరీ గారు అడిగితే ఆయన టోపీ అందుకుని లేచాడు. గుమ్మం అవతల నిలబడ్డ హెస్టర్‌కి, చెల్లెలికి ఇక ఎంతో కాలం లేదని అర్థమైంది. అయినా డల్సీ మొండికేసి ఆ ఏడూ పోటీకి దిగి, అందరినీ ఓడించింది.

చివరి ఆట రోజు పొద్దున హెస్టర్ పోటీల కార్యదర్శి మేజర్ ట్రెగార్త్ గారి గుడారానికి వెళ్ళి, ఈసారి తాను తప్పుకుంటున్నానని చెప్పింది. ఒక్కసారైనా కప్పు మీద చెల్లెలి పేరు పడాలి. ఇన్నాళ్ళ బరువు దిగినట్టై తేలిగ్గా బయటికి వచ్చేసరికి డల్సీ ఎదురుగా పరుగెత్తుకొస్తోంది.

"అక్కా! నాన్న ఒప్పుకున్నారే! పొద్దున్నుంచీ కాళ్ళావేళ్ళా పడితే, ఈ ఒక్కసారికీ లెక్కపెట్టుకుని ఆడుకోండి అన్నారు!"

హెస్టర్ గుడారం వైపు తిరిగి చూసింది. "నేను తప్పుకున్నానే. కప్పు నీదే."

"కప్పెవరిక్కావాలి? అందులో పువ్వులు పెట్టుకోనా?" డల్సీ మొహం తెల్లగా పాలిపోయింది. "ఇన్నేళ్ళూ నేను తప్పుకుంటుంటే నీకు బాగుండేదా?"

"లేదు."

"మరి నాకెందుకు చేశావు?"

హెస్టర్ మళ్ళీ గుడారంలోకి పరుగెత్తింది. మేజర్ గారిని బతిమాలింది. ఆయన మీసాలు నలుపుకుంటూ, "ఇచ్చిన మాట వెనక్కి తీసుకునే వీల్లేదు తల్లీ. బయట ప్రకటించేశాం కూడా. రూలు రూలే" అన్నాడు. పోనీ ఇంట్లో ఆడదామంటే ఆ సాయంత్రమే డల్సీకి జ్వరం తగిలింది.

ఫ్రాన్సుకి బయల్దేరేనాడు రైలు కిటికీలోంచి డల్సీ వేలు చూపించింది. "వచ్చే ఏడు కుర్చీలో కూర్చునేది నేను, తెలిసిందా? స్ట్రాబెర్రీలు తింటూ చూస్తుంటాను. అందర్నీ ఓడించుకుని నా దాకా రా, అప్పుడు చెప్తా నీ పని!"

"చూద్దాంలే నీ బడాయి," అంది హెస్టర్. రైలు కదిలాక ఏడ్చింది.

చలికాలం పోకముందే డల్సీ పోయింది. అక్కడే మట్టిచేశారు.

మళ్ళీ వేసవి వచ్చింది. సంతాపపు నల్లగౌను తియ్యకుండా పోటీకొచ్చిన హెస్టర్‌ని చూసి జనం మళ్ళీ నోళ్ళు నొక్కుకున్నారు. ఎంత రాతిగుండె అన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ నోళ్ళు పడిపోను, ఆమె ఎవరి దగ్గరికి వెళ్తోందో వాళ్ళకేం తెలుసు? మొదటి నుంచీ ఆడి, ఒక్కొక్కరినీ దాటుకుంటూ చివరి ఆట దాకా వచ్చింది.

మేజర్ గారు కప్పు పట్టుకుని కోర్టులోకి వచ్చి, గొంతు తగ్గించి, "ఛాంపియన్ లేరు కనుక కప్పు మీదేనమ్మా. ఇవాళ ఇంకేం పెట్టుకోవద్దు" అన్నాడు.

"పేరు పిలవండి."

"అమ్మా..."

"పిలవాలి కదండీ. పిలిచి, కాసేపు ఆగాలి. రూలు రూలే అన్నారు."

మేజర్ గారు పిలిచాడు. "మిస్ డల్సీ పెల్లీ!" రెండోసారి పిలుస్తూ తన టోపీ తీశాడు. మగవాళ్ళు ఒక్కొక్కరే లేచి టోపీలు తీశారు. హెస్టర్ బంతి చేత్తో పట్టుకుని గీత దగ్గర నిలబడింది. వల అవతల ఎండ, పచ్చిక తప్ప ఏమీ లేవు.

చాలాసేపయ్యాక జనంలోంచి పాదిరీ గారు లేచొచ్చి కూతురి భుజం పట్టుకున్నారు. "ఇక చాలు తల్లీ. రా, ఇంటికెళ్దాం."

"ఇంకొంచెంసేపు నాన్నా," అంది హెస్టర్. "దానికెప్పుడూ ఆలస్యమే కదా."