పప్పు ఉడకని సందు

అన్యాయం ఎవరికి జరిగింది? ఎలా జరిగింది? కోర్టులో సిరస్తాదారుగా పనిచేసినంత కాలం ఏ దావా నా బల్ల మీదికి వచ్చినా నేను మొదట వెతికింది ఈ రెండు ప్రశ్నలకు జవాబునే. ఇక్కడా అదే చెబుతాను.

అన్యాయం జరిగింది కరీం బాషాకు. విశాఖ పాతపట్నంలో మా సందు మొగలో అతని టీ దుకాణం ఉంది. దుకాణం వెనుక తాతలనాటి గిలక బావి. సముద్రం అంత దగ్గరగా ఉన్నా ఆ బావి నీరు తియ్యగా ఉండేది. తెల్లవారకముందే ఫిషింగ్ హార్బరుకు పోయేవారూ, పోర్టులో రాత్రి షిఫ్టు దిగినవారూ ఆ టీ కోసమే మా సందులోకి మళ్ళేవారు. తరువాత చుట్టూ అపార్టుమెంట్లు లేచాయి. పైపుల నీరు చాలక ప్రతి అపార్టుమెంటూ బోరు దించింది. భూమిలోని మంచినీరు తోడేసిన చోటికి సముద్రం వచ్చి చేరింది. ఒక వేసవిలో కరీం బాషా టీ గిన్నెలోనే విరిగిపోయింది.

"పాలు మార్సీసినాను, గిన్నె మార్సీసినాను. ఏటీ లాభం లేదమ్మగోరూ. నీళ్ళే ఉప్పెక్కిపోనాయి," అన్నాడు.

అతని భార్య గౌసియా కొన్నాళ్ళు డబ్బా నీళ్ళు కొని నెట్టుకొచ్చింది. టీ ధర పెరిగింది, జనం తగ్గారు.

"రంజాన్ దాకా సూత్తాం. అప్పటికీ ఇలగే ఉంటే కొట్టు మూసీడమే," అంది.

నేను ఊరుకోలేకపోయాను. హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కరెంటు లేదు, మోటార్లు లేవు. కాలు విరిగి నేను మేడ మీద మంచంలో ఉన్నాను. కరెంటు వచ్చేదాకా ఆ బావి నుంచి బిందెలు మోసుకుంటూ మా మెట్లెక్కినవాడు కరీం బాషా. ఈ రుణం ఎలా తీర్చుకోవాలని అడిగితే నవ్వేశాడు.

"నీళ్ళకి రునమేటమ్మగోరూ! నా బావికి ఎప్పుడైనా కష్టమొస్తే మీరొచ్చి తోడండి. సరిపోతాది."

ఆ కష్టం ఇప్పుడు వచ్చింది. సరిగ్గా అప్పుడే నగరానికి కొత్త జోనింగ్ పటం తయారైంది. అందులో మా సందును అధిక సాంద్రత గల నివాస మండలంగా చూపారు. పాత ఇళ్ళ స్థానంలో ఏటా ఎన్ని ఫ్లాట్లయినా కట్టుకోవచ్చునన్నమాట. అభ్యంతరాలు వినడానికి అధికారులు కమ్యూనిటీ హాలులో విచారణ పెట్టారు.

అక్కడ ఇళ్ళు వద్దని నేను అనలేదు. ఊరు పెరగాలి, అయితే నీరు అందిన మేరకే పెరగాలి. కొత్త పైపులైను పడేవరకు ఏడాదికి ఇన్ని ఇళ్ళకే అనుమతి అని మండల నిబంధనల్లో హద్దు పెట్టాలి. కొత్త బోర్లు ఆపాలి. నేను కోరింది ఇంతే.

బిల్డరు కామరాజు లేచాడు. "ఒక్క టీ కొట్టు కోసం ఊరు ఎదగడం ఆపీమంతారా?"

అతనికి వంతపాడుతూ నరసింహమూర్తి లేచాడు. గోదావరి జిల్లా నుంచి వచ్చి పోర్టులో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. తన ఇంటిస్థలం ఫ్లాట్ల కోసం కామరాజుకు ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. "నీళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయండి. బాషాకి టీ కాయడం రాకపోతే మా తప్పేంటండీ?"

హాలంతా నవ్వింది. కరీం బాషా తల దించుకున్నాడు.

నేను నిలబడ్డాను. "నరసింహమూర్తిగారూ, మీ ఇంట్లో కందిపప్పు ఉడుకుతోందా?"

"మేడంగారు వంటల పోటీ పెట్టినారేటి?" అన్నాడు కామరాజు.

"ఉడుకుతుందండీ. ఎందుకుడకదూ?" అన్నాడు నరసింహమూర్తి.

ఆడవాళ్ళ వరుసలోంచి ఆయన భార్య వెంకటరమణమ్మ లేచింది. "ఎక్కడుడుకుతుందండీ? కుక్కరు అరిచి అరిచి దాని గొంతు పోతుంది గానీ పప్పు మెత్తబడదే! నిన్న పప్పుచారు తాగారా, నమిలారా? అందరి ముందూ చెప్పండి!"

"మా ఇంట్లోనూ అంతే వదినా!" అని వెనక నుంచి చిట్టమ్మ కేక వేసింది. "నానైతే పప్పే మానీసినాను. రోజూ సేపల పులుసే! మా ఆయన ఏటీ అనలేక తింతన్నాడు."

ఆ నవ్వుల మధ్య, కామరాజు కట్టిన అపార్టుమెంటులోనే ఫ్లాటు కొన్న నీలిమ చెయ్యెత్తింది. "మా ఫ్లాట్లోనూ ఇంతే సార్. ఉప్పునీళ్ళకి పప్పు ఉడకదు. కొనేముందు మంచినీళ్ళ బోరని చెప్పారు."

కామరాజు కూర్చున్నాడు. అంతదాకా గడియారం చూస్తున్న అధికారి కలం తీశాడు. ఒకరి తరువాత ఒకరు చెబుతూనే ఉన్నారు. ఆయన రాస్తూనే ఉన్నాడు. చివరికి నరసింహమూర్తే గొంతు సవరించుకున్నాడు. "పప్పు సంగతి నిజమేనండి. ముందు నీళ్ళు రానివ్వండి. ఆ తర్వాతే కడదాం."

కోరినదంతా నిబంధనల్లోకి ఎక్కింది. ఏటా కొత్త ఇళ్ళకు హద్దు పడింది. కొత్త బోర్లు ఆగాయి, పాత అపార్టుమెంట్లు వాననీటికి ఇంకుడు గుంతలు తవ్వక తప్పలేదు. బావి కోలుకునేదాకా దుకాణాన్ని సందే నిలబెట్టింది. కుళాయి వచ్చిన వేళ ఇంటికొక బిందె కరీం బాషాకు చేరేది. మొదటి బిందె వెంకటరమణమ్మది, మోసుకొచ్చేది నరసింహమూర్తి.

రంజాన్ వచ్చి వెళ్ళింది. కొట్టు మూతపడలేదు. మరుసటి ఏడాది వానలు గట్టిగా పడ్డాయి. ఒక ఉదయం గౌసియా మా మేడ కింద నిలబడి పిలిచింది. "అమ్మగోరూ, బేగి రండి! బావి నీళ్ళు నోట్లో ఏసి సూడండి."

నేను వెళ్ళేసరికి కరీం బాషా చేద దించబోతున్నాడు. అతని చేతిలోంచి తాడు తీసుకున్నాను.

"మీకెందుకమ్మగోరూ, ఈ వయసులో!"

"తుపాను నాడు ఏమన్నావు? ఈ బావికి కష్టమొస్తే తోడవలసింది నేనన్నావు. తప్పుకో."

గిలక కిర్రుమంది. చేద తొణకకుండా గట్టుకెక్కింది. గౌసియా ఆ నీళ్ళతోనే టీ పెట్టింది. ముగ్గురం గిన్నె చుట్టూ ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. పాలు పడ్డాయి. టీ పొంగింది, దిగింది, మళ్ళీ పొంగింది. విరగలేదు.

మొదటి గ్లాసు కరీం బాషా నా చేతికిచ్చాడు.

"ఇంక సెల్లు, అమ్మగోరూ," అన్నాడు.

"చెల్లు," అన్నాను నేను.